పక్కింటి నుంచి రిజిస్టర్డ్ పోస్టు

అక్టోబరు 14, మంగళవారం

అక్క వంటింట్లో ఉంది. ముందు ఆ మాట రాసుకోవాలి. నిన్న సాయంత్రం మా పెరట్లో నిద్రగన్నేరు చెట్టు కూలి, ప్రహరీ గోడను పగలగొట్టుకుని, పక్కనే ఉన్న అక్కావాళ్ల వెనకగది మీద పడింది. ఆ సమయానికి అక్క ఆ గదిలో లేదు. వంటింట్లో టీ పెడుతోంది. రోజూ భోజనమయ్యాక ఆ గదిలోనే నడుం వాలుస్తుంది. నిన్న గాలి హోరుకి నిద్రపట్టక లేచి వంటింట్లోకి వెళ్లిందట.

నేను మా ముందుగదిలో కిటికీ రెక్కలకి తాడు బిగిస్తున్నాను. మేడ మీద గది రేకులు ఒక్కొక్కటే లేచిపోతున్న చప్పుడు పైనుంచి వినిపిస్తోంది. ముప్పయ్యేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నవాణ్ని, బరువైనది పడితే ఎలా ఉంటుందో నా చెవికి తెలుసు. చెట్టు అలా పడలేదు. ముందు బాగా మూలిగింది. ఆ తర్వాత ఒక్కసారిగా కూలబడింది.

మా ఆవిడే ముందు పరిగెత్తింది. కూలిన గోడ మీదుగా, కొమ్మల్లోంచి దూరి, "వదినా, వదినా" అంటూ. నేను వెనకాల వెళ్లాను. అక్క గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో టీ వడకట్టే జల్లెడ. నన్ను చూసి, "ఒరేయ్, టీ అంతా పొంగిపోయిందిరా" అంది. అంతకంటే ఇంకేమీ తోచలేదు కాబోలు.

పక్కింటాయన వానలోనే నిలబడి గది వైపు చూస్తున్నాడు. అక్క భర్తని ఈ డైరీలో మూడేళ్లుగా పక్కింటాయన అనే రాస్తున్నాను. ఇవాళా అంతే. ఆయన నా వైపు తిరిగి ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. అన్నా నేను పలికేవాణ్ని కాదు.

నా తప్పేమీ లేదు. గాలివాన.

అక్టోబరు 15, బుధవారం

కరెంటు లేదు. అక్క మెట్లెక్కలేదు, మోకాళ్లు. హాల్లో కుర్చీలోనే కూర్చుని నిద్రపోయిందట. మన ఇంటికి రమ్మని మా ఆవిడ పిలిస్తే, "ఈయన్ని ఒక్కర్నే వదిలి రానా?" అందట.

అక్క వంటింట్లో ఉంది. అదృష్టం.

అక్టోబరు 16, గురువారం

ఇంటి బీమా పాలసీ బీరువాలోంచి తీశాం. పదమూడేళ్లుగా ప్రీమియం కడుతున్నాం గానీ, ఆ పుస్తకం ఎప్పుడూ విప్పి చూసిన పాపాన పోలేదు. భోజనాల బల్ల మీద పరుచుకుని, మా ఆవిడ చదువుతుంటే నేను వింటూ కూర్చున్నాను. ఆవిడ గొంతులో అన్నీ వినడానికి బాగానే ఉంటాయి.

"తుపాను, గాలివాన, వడగళ్లు. ఇవి ఉన్నాయి" అంది.

"చూశావా."

"వరద, ముంపు. దీని మీద అడ్డగీత కొట్టి ఉంది. పక్కన మీ సంతకం."

గుర్తొచ్చింది. ఇంకొంచెం కడితే ముంపు కూడా కలుపుతానని ఏజెంటు అన్నాడు. మా వీధి ఎత్తులో ఉందని చెప్పి నేనే కొట్టేయించాను.

"మన వీధి ఎత్తులో ఉందని మీకెవరు చెప్పారండీ?"

"చూస్తే తెలియడం లేదూ."

"మొన్న చూశాంగా" అంది. కింద స్టోరు గదిలో మోకాలి లోతు నీళ్లు ఎత్తిపోసింది ఆవిడే కాబట్టి తర్వాతి పేజీ చదవమన్నాను.

అక్టోబరు 18, శనివారం

బీమా కంపెనీ సర్వేయరు వచ్చింది. ముప్పై ముప్పై రెండేళ్లుంటాయి. కాళ్లకి బురద బూట్లు, మెడలో కొలతల టేపు. మంచమ్మాయి. మేడ మీదకి ఎక్కి, ఊడిన రేకుల బోల్టులు కూడా ఫోటో తీసింది. కింద స్టోరు గదిలో గోడ మీద నీటిచార చూసి, టేపు పెట్టి కొలిచి, కాస్త జాలిగా నా వైపు చూసింది.

"సార్, గాలికి కప్పు ఎగిరి, ఆ సందులోంచి వాన పడి తడిస్తే మేమిస్తాం. నేల మీద నీరు పెరిగి గుమ్మంలోంచి వస్తే ఇవ్వం. పైనుంచి వచ్చిన నీళ్లు వేరు, కిందనుంచి వచ్చిన నీళ్లు వేరు."

"రెండూ ఒకే వానమ్మా."

"అందరూ అదే అంటారు సార్" అంది నవ్వుతూ.

అంటే మేడ మీద గది, మంచం, పరుపులు, తడిసిన బీరువా వాళ్ల లెక్కలోకి వస్తాయి. స్టోరు గదిలో నా పాత మోటార్లు, మా ఆవిడ పాత మిక్సీలు రావు. ప్రహరీ గోడ రాదు, పాలసీలో ఇల్లే ఉంది గానీ గోడ లేదు. పడిన చెట్టుకి విలువ కట్టరు. పక్కింటి గదికి? దానికి వాళ్ల పాలసీ వాళ్లు చూసుకుంటారట. ఎవరి చెట్టన్నది కాదు, ఎవరి ఇల్లన్నదే లెక్క.

"ఒక్కటే మినహాయింపు సార్. చెట్టు బలహీనంగా ఉందని మీకు ముందే తెలుసా? ఎవరైనా చెప్పారా?"

"లేదు" అన్నాను.

రాసిమ్మంది. రాసి సంతకం పెట్టాను. మా ఆవిడ అప్పుడే మంచినీళ్లు తెచ్చింది. గ్లాసులు బల్ల మీద పెట్టి, ఆ కాగితం చూసి, నా మొహం చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఎవరూ చెప్పలేదు అనడంలో అబద్ధమేమీ లేదు. పక్కింటాయన రెండు మూడుసార్లు ఏదో అన్నాడు, అవి వేళాకోళంగా అన్నవి. వాటిని చెప్పడం అనరు.

అక్టోబరు 20, సోమవారం

గోడ లేకపోవడంతో అక్క మెల్లగా నడుచుకుంటూ పెరట్లోంచే వచ్చేసింది. ఇన్నేళ్లూ వీధి చుట్టూ తిరిగి వచ్చేది. "ఇదేదో ముందే పడాల్సిందిరా గోడ" అంది కూర్చుంటూ.

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆయన కంపెనీ వాళ్లు వచ్చి చూసి వెళ్లారట. ఇంటి మీద పాలసీ ఉంది గానీ ఆ వెనకగది దాన్లో లేదట. అక్కకి మెట్లెక్కడం కష్టమని నాలుగేళ్ల కిందట కొత్తగా కట్టిన గది అది. గడప కూడా లేకుండా, పక్కనే బాత్‌రూమ్. కట్టడానికి అనుమతి తెచ్చుకున్నాడు, ప్లాను గీయించాడు, ఆ బీమా వాళ్లకి మాత్రం చెప్పడం మరిచిపోయాడు. ప్రతి ఏడూ పాత కొలతలతోనే పాలసీ పొడిగించుకుంటూ వచ్చాడు.

నాకు నవ్వొచ్చింది. ముప్పై రెండేళ్లు కోర్టులో గుమాస్తాగా చేసిన మనిషి. పాల ప్యాకెట్ల రసీదులకి కూడా ఫైలు ఉంటుంది ఇంట్లో. ఆయన దగ్గర కాగితం లేని గదొకటి ఉందంటే నమ్మశక్యం కాలేదు.

అక్క కూడా నవ్వింది. నవ్వి, "రెండ్రోజులుగా సరిగ్గా తినట్లేదురా" అంది.

"నువ్వు?"

"నాకేం. కుర్చీ అలవాటైపోయింది."

అక్టోబరు 21, మంగళవారం

బీరువా మొత్తం వెతికాను. ఆ కాగితం లేదు. పారేసి ఉంటాను.

అక్టోబరు 23, గురువారం

చెట్టు కొట్టేవాళ్లు వచ్చారు. మాను మొదలు కోసేసరికి లోపలంతా గుల్ల. రంపం మనిషి నన్ను పిలిచి చూపించాడు. చెయ్యి పెడితే మోచెయ్యి దాకా వెళ్లింది. తడిగా, మెత్తగా, తేనెపట్టులా ఉంది లోపల.

"ఐదారేళ్ల నాటిది సార్ ఇది. బయటికి కూడా తెలుస్తుంది, మొదట్లో పుట్టగొడుగులు మొలుస్తాయి."

"మాకు కనపడలేదు" అన్నాను.

కనపడ్డాయి. తెల్లగా, పెంకుల్లాగా. మా ఆవిడ చీపురుతో ఊడ్చేసేది. మళ్లీ మొలిచేవి.

ఆ చెట్టు ఇద్దరం నాటాం, నేనూ పక్కింటాయనా. పక్కపక్కనే స్థలాలు కొనుక్కున్న ఏడాది. ఆయన గొయ్యి తవ్వాడు, నేను మొక్క పట్టుకున్నాను. "నిటారుగా పట్టుకోవోయ్, లిఫ్టు అనుకుని పట్టుకో" అన్నాడు. కొట్టెయ్యమని ఆయనే అనేసరికి నాకు ఒళ్లు మండింది. అందుకే వినలేదు. అదీ కారణం. కారణమంటూ ఒకటుంది.

అక్టోబరు 27, సోమవారం

కొలతలేవో తప్పాయని సర్వేయరమ్మాయి మళ్లీ వచ్చింది. నేను లిఫ్టు మెకానిక్కునని తెలిసి, వెళ్లేముందు వాళ్ల అపార్ట్‌మెంట్ లిఫ్టు సంగతి ఎత్తింది. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోతోందట.

"తాళ్లు ఎప్పుడు చూపించారు?"

"వచ్చినాయన మార్చాలని రాసిచ్చాడట సార్. మా సెక్రటరీ ఇంకా మార్పించలేదు."

"ఎక్కకండి" అన్నాను. "మెట్ల మీద వెళ్లండి. తాడు అరిగిందని రాసిచ్చాక కూడా మార్చకపోతే అది యంత్రం తప్పు కాదు. మీ సెక్రటరీ తప్పు. నేనైతే రెండుసార్లు నోటితో చెప్తాను. మూడోసారి కాగితం మీద రాసి సంతకం తీసుకుంటాను. రేపు ఎవరికైనా ఏమైనా అయితే నాకు తెలియదు అనడానికి ఉండకూడదు."

"మంచి పద్ధతి సార్" అని రాసుకుని వెళ్లిపోయింది.

గేటు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. మా ఆవిడ పిలిచేదాకా.

అక్టోబరు 28, మంగళవారం. పొద్దున, డ్యూటీకి వెళ్లకముందు

ఉత్తరం నేను పారేయలేదు. నా పనిసంచి మూత లోపలి అరలో ఉంది. మూడేళ్లుగా అక్కడే ఉంది. ఏ భవనానికి వెళ్లినా నాతోనే వచ్చింది.

మూడు నాలుగుసార్లు నోటితో చెప్పాడు ఆయన. నేను నవ్వేశాను. అప్పుడు రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. గోడ అవతల ఉన్న మనిషి పోస్టాఫీసుకి నడిచి వెళ్లి, స్టాంపులు అంటించి, నాకు ఉత్తరం పంపాడు. పోస్ట్‌మ్యాన్ సంతకం పెట్టమంటే వీధిలో అందరూ చూశారు. ఆ రోజు నుంచి మాట్లాడటం మానేశాను. తప్పు పట్టడానికి ఆ రిజిస్టర్డ్ పోస్టు దొరికింది నాకు. దాన్నే పట్టుకున్నాను.

ఎవరైనా అడిగితే విప్పలేదని చెప్పేవాణ్ని. విప్పాను. అదే రోజు విప్పాను. ఆయన కోర్టు భాషే:

"తమరి ఆవరణయందలి నిద్రగన్నేరు వృక్షము మొదలు కుళ్లి, మా గృహము వైపునకు ఒరిగియున్నది. సదరు వృక్షము కూలినచో, నా భార్యయు తమరి సోదరియు అగు ఆమె నిద్రించు గదిపై పడగలదు. కావున తక్షణమే తొలగించవలసినదిగా కోరడమైనది."

తమరి సోదరియు అగు ఆమె. ఆ రోజు ఈ ముక్క మా ఆవిడకి చదివి వినిపించి పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

అక్క అక్కడ పడుకుంటుందని నాకు తెలుసు. కాగితం మీద చదివాను.

అక్టోబరు 31, శుక్రవారం

మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. అన్నయ్యని వాళ్ల కంపెనీ వాళ్లు అడిగారట, చెట్టు గురించి పక్కింటివాళ్లకి ముందుగా చెప్పారా అని. చెప్పి ఉంటే, రుజువుంటే, గది నష్టం వాళ్ల దగ్గర రాబట్టుకోవచ్చని.

"ఏమన్నాడు?"

"చెప్పలేదన్నాడట. అసలా సంగతి తనకే తెలియదన్నాడట." కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది. "వదిన పక్కనే ఉందట. ఆ మనిషి అబద్ధమాడగా ఇన్నేళ్లలో మొదటిసారి చూశానంది. చెవులు ఎర్రబడిపోయాయట."

నేను లేచి పెరట్లోకి వెళ్లాను. అవతల బావ ఒంగుని, విరిగిన రేకుల్లోంచి అక్క చెప్పులు వెతికి తీస్తున్నాడు. ఒకటి దొరికింది. దాన్ని పంచె అంచుతో తుడిచాడు.

బావ అని రాశాను. రాస్తే రాశాను.

నవంబరు 1, శనివారం

పాలసీ మళ్లీ మొదటినుంచీ చదివాను. ఈసారి ఒక్కణ్నే, కళ్లజోడు పెట్టుకుని. పదకొండో పేజీలో ఉంది. పాలసీదారు నిర్లక్ష్యం వల్ల ఇతరుల ఆస్తికి నష్టం కలిగి, చట్టప్రకారం ఆయన బాధ్యుడైతే ఆ నష్టాన్ని కంపెనీ భరిస్తుంది. పదమూడేళ్లుగా కడుతున్న దాంట్లో ఇదీ ఉంది.

సర్వేయరమ్మాయికి ఫోన్ చేశాను. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నానన్నాను.

"గాలికి మంచి చెట్టు పడితే ఎవరూ బాధ్యులు కారు సార్, అప్పుడు ఈ పేజీ పనికిరాదు. చెట్టు పాడైందని తెలిసీ, హెచ్చరించినా కొట్టించకపోతే అది నిర్లక్ష్యం. అప్పుడు పనికొస్తుంది." కొంచెం ఆగి, "మీరు తెలియదని రాసిచ్చారు కదా సార్" అంది.

"అవునమ్మా."

"అది తప్పని తేలితే మీ సొంత క్లెయిము కూడా ఆపేసే అవకాశం ఉంటుంది. ఊరికే తెలుసుకోవడానికి చెబుతున్నాను."

నవంబరు 2, ఆదివారం

మా ఆవిడకి అన్నీ చెప్పాను. ఉత్తరం సంచిలో ఉందన్న సంగతితో సహా.

"తెలుసు" అంది. "టిఫిన్ డబ్బా పెట్టేటప్పుడు రోజూ చూస్తూనే ఉన్నాను."

"మరి అడగలేదే?"

"అడిగితే చింపేస్తారని."

మన కప్పుకి రావాల్సింది రాకపోవచ్చన్నాను. హాస్టల్లో ఉన్న పిల్ల చదువుకని దాచింది తీయాల్సి రావచ్చన్నాను. "మేడ మీద గది లేకపోతే కింద నేల మీదే పడుకుందాం. మనకి మోకాళ్లు బాగానే ఉన్నాయిగా" అంది.

నవంబరు 3, సోమవారం

సెలవు పెట్టి బీమా ఆఫీసుకి వెళ్లాను. సర్వేయరమ్మాయి, వాళ్ల పై అధికారి ఇద్దరూ ఉన్నారు. మొదట ఇచ్చిన కాగితం తప్పని, ఇదే నిజమని కొత్తగా రాసిచ్చాను. మహా అయితే పది లైన్లు. రెండు గంటలు పట్టింది. ఉత్తరం బల్ల మీద పెట్టాను. పై అధికారి చదువుతూ, "ఎవరండీ ఈయన, ఇంత బాగా రాశారు" అన్నాడు.

"మా బావ."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసి."

ఆయన ఉత్తరానికి నకలు తీయించి నాకిచ్చాడు. అయితే ఒక చిక్కుంది. బావ తన కంపెనీవాళ్లతో, నన్ను హెచ్చరించనే లేదని చెప్పాడు. ఒకే విషయం మీద రెండు ఆఫీసుల్లో రెండు మాటలు చెల్లవు. ఉత్తరం తనదేనని ఆయన ఒప్పుకోవాలి, నాకు అందినట్టు రుజువు కావాలి. నా కప్పు సంగతి దాని తర్వాతే చూస్తారట.

అంటే బావతో మాట్లాడాలి.

నవంబరు 4, మంగళవారం

ఇవాళ వెళ్లడం కుదరలేదు. పని ఎక్కువగా ఉంది.

(పని లేదు. మూడింటికే ఇంటికొచ్చేశాను.)

నవంబరు 5, బుధవారం

వెళ్లాను.

పెరటి దారిన వెళ్లబోయి, వెనక్కి వచ్చి, వీధిలోంచి వెళ్లి గేటు తీసుకుని వెళ్లాను. బావ వరండాలో పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి పేపరు దించలేదు. ఎదుటి కుర్చీ మీద నుంచి మాత్రం కాళ్లు తీశాడు. కూర్చున్నాను.

ఉత్తరం తీసి ఇచ్చాను. చూశాడు.

"ఏంటిది?" అన్నాడు.

"మీ ఉత్తరం."

"నేనేం ఉత్తరం రాయలేదు."

"కింద సంతకం మీదే బావా."

"నాది కాదు."

"ముద్దగా, చివర్న రెండు చుక్కలతో ఇలాంటి సంతకం ఇంకెవరు పెడతారు?"

"చాలామంది పెడతారు" అన్నాడు. చెవులు ఎర్రబడటం నేను చూశాను.

అప్పుడు పేపరు మడిచి, గొంతు తగ్గించి, కోర్టులో పార్టీలకి చెప్పినట్టు చెప్పాడు. "చూడవోయ్, ముప్పై రెండేళ్లు చూశాను నేను. ఈ కాగితం బయటపడిందా, నిన్ను లాగుతారు. నీ మెడకి చుట్టుకుంటుంది. గది ఏదో నేను చూసుకుంటాను. ఇది తీసుకెళ్లి పొయ్యిలో పడేసెయ్."

"నిన్ననే... మొన్ననే ఆఫీసులో ఇచ్చేశాను బావా. ఇది నకలు."

ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి చూశాడు.

పాలసీ తీసి పదకొండో పేజీ చూపించాను. లాగేది నన్ను కాదు, నా కంపెనీని అన్నాను. ఇవ్వాల్సింది వాళ్లు. నేను చేయాల్సిందల్లా, తెలిసీ ఊరుకున్నానని ఒప్పుకోవడమే. అది చేసేశాను. మీరు రాశానని ఒప్పుకుంటే చాలు. బావ కళ్లజోడు తుడుచుకుని ఆ పేజీ మొదటినుంచి చివరిదాకా చదివాడు. తిప్పి వెనక పేజీ కూడా చదివాడు. పెన్ను తీసి ఒక అచ్చుతప్పు దిద్దాడు.

"నువ్వు ముందే తెలియదని రాసిచ్చావా?"

"రాసిచ్చాను."

"నీ కప్పు?"

"వస్తే వస్తుంది."

బావ పాలసీ మడిచి నా చేతిలో పెట్టాడు. నేనే అన్నాను, "అక్క అక్కడ పడుకుంటుందని మీరు రాశారు. వచ్చిన రోజే చదివాను బావా. చదివి కూడా ఊరుకున్నాను. ఆ రోజు అక్క వంటింట్లోకి వెళ్లకపోయి ఉంటే..."

బావ రోడ్డు వైపు చూస్తున్నాడు. పరవాలేదనలేదు. అననందుకు నాకు కాస్త ఊపిరి ఆడింది.

"భోంచేశావా?" అన్నాడు కాసేపటికి.

లోపల్నుంచి అక్క గొంతు వినిపించింది. "మాట్లాడుకుంటున్నారా, పోట్లాడుకుంటున్నారా? మాట్లాడుకుంటుంటే ఇద్దరికీ వడ్డిస్తాను."

"మాట్లాడుకుంటున్నాం" అన్నాడు బావ.

తినేముందు లోపలికి వెళ్లి ఒక ఫైలు పట్టుకొచ్చాడు. నిమిషం కూడా పట్టలేదు. ఉత్తరం అందినట్టు నేను సంతకం పెట్టిన పోస్టు కార్డు. చిరగలేదు, నలగలేదు. "రిజిస్టర్డ్‌లో పంపకుండా ఉండాల్సింది" అన్నాడు నా విస్తరి వైపు చూస్తూ.

"పంపబట్టే కదా ఇవాళ పనికొస్తోంది" అంది అక్క.

నవంబరు 10, సోమవారం

ఇద్దరం కలిసి రెండు ఆఫీసులకీ వెళ్లాం. నా స్కూటరు మీద. బావ వెనక కూర్చుని ప్రతి మలుపులోనూ చెయ్యి చాపి సిగ్నల్ ఇచ్చాడు. వాళ్ల ఆఫీసులో తన మాట వెనక్కి తీసుకునేటప్పుడు, "ఇంతకుముందు జ్ఞాపకం రాలేదు" అని రాశాడు. బయటికి వచ్చాక, "ఇది రెండో అబద్ధం" అన్నాడు దిగులుగా.

నవంబరు 14, శుక్రవారం

ఆఫీసుల నుంచి ఇంకా ఏమీ తెలియలేదు. అక్క కుర్చీలోనే. మా ముందుగదిలో మంచం వేశాం, రమ్మంటే ఇద్దరూ కలిసే వస్తామంటుంది. సరే, రెండు మంచాలు వేస్తున్నాం.

నవంబరు 16, ఆదివారం

వచ్చారు. బావ తన దిండు, తన లోటా, తన ఫైళ్లు రెండు తెచ్చుకున్నాడు. మా ఆవిడ ఆయన ఫైళ్ల కోసం అలమరాలో ఒక అర ఖాళీ చేసింది. పొద్దున ఐదున్నరకి లేచి రేడియో పెడతాడని తెలిస్తే ఇంకో వారం ఆగేవాణ్ని.

నవంబరు 25, మంగళవారం

సర్వేయరమ్మాయి తనే ఫోన్ చేసింది. అక్కావాళ్ల వెనకగదికి పదకొండో పేజీ కింద ఇస్తారు. మొత్తం కాదు, పాతబడినందుకు కొంత తగ్గించి. అయినా గది లేస్తుంది.

నా కప్పు సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ అమ్మాయే చెప్పింది. డబ్బు చేతికి రాకముందే తప్పు నేనే సరిదిద్దుకున్నాను కనుక క్లెయిము కొట్టేయలేదట. కానీ గట్టిగా రాసి ఒక హెచ్చరిక పంపుతున్నారు. వచ్చే ఏడు ప్రీమియం పెరుగుతుంది. స్టోరు గదికి ఏమీ రాదు, గోడకి ఏమీ రాదు.

"హెచ్చరిక ఎలా పంపుతారమ్మా?"

"రిజిస్టర్డ్ పోస్టులో సార్."

ఈ మాట చెప్పగానే బావ పేపరు వెనక ఒళ్లంతా కదిలేలా నవ్వాడు. మూడేళ్ల తర్వాత ఆయన నవ్వడం విన్నాను. ఇంకా అలాగే ఉంది, దగ్గులా.

ఫోన్ పెట్టేసేముందు ఆ అమ్మాయి, వాళ్ల లిఫ్టుకి తాళ్లు మార్పించారని చెప్పింది.

డిసెంబరు 4, గురువారం

గోడ మేస్త్రిని పిలిచాం. ఎంత ఎత్తు కట్టాలని అడిగాడు. బావ నా వైపు చూశాడు. నేను బావ వైపు చూశాను. కుక్కలు రాకుండా ఉంటే చాలన్నాం. మధ్యలో ఒక గేటు పెట్టమంది అక్క, తన మోకాళ్లకి తగ్గట్టు గడప లేకుండా.

బావ తన పాలసీలో గదిని రాయించాడు. నేను ముంపు కూడా కలిపించాను. ఏజెంటు, "మీ వీధి ఎత్తులో ఉందన్నారు కదా సార్" అన్నాడు. మా ఆవిడ లోపల్నుంచి ఎంత గట్టిగా నవ్విందంటే, ఆ తర్వాత ఏజెంటు ఇంకేమీ అడగలేదు.

డిసెంబరు 21, ఆదివారం

అక్క గది పూర్తయింది. ఈసారి రేకు కాదు, స్లాబు. నిన్న వాళ్లింటికి వెళ్లిపోయారు. మా ఇల్లు బోసిగా అనిపించింది, ఐదున్నరకి మెలకువ మాత్రం వచ్చింది.

మధ్యాహ్నం కర్టెన్ రాడ్ బిగించడానికి డ్రిల్లు పట్టుకుని వెళ్లాను. ఇదివరకు లేని ఎండ ఇప్పుడు ఆ కిటికీలోంచి నేరుగా వస్తోంది. బావ అప్పటికే గోడ మీద పెన్సిలుతో గుర్తులు పెట్టి ఉంచాడు. రెండూ తప్పే, ఒకటి అంగుళం పైకి ఉంది. ఆ మాటే అన్నాను.

"నెమ్మదిగా" అన్నాడు వేలు పెదవుల మీద పెట్టి.

అక్క నిద్రపోతోంది. గోడ వైపు తిరిగి, కాళ్ల మీద ఎండ పడుతుంటే, నోరు కొంచెం తెరుచుకుని. చిన్నప్పుడు కూడా ఇలాగే పడుకునేది. నేను పక్కన కూర్చుని లేచేదాకా చూసేవాణ్ని.

ఆ అంగుళం గురించి ఇద్దరం గుసగుసగా వాదించుకున్నాం. బావ టేపు తెచ్చాడు. కొలిస్తే నేను చెప్పిందే నిజమైంది, ఆయన టేపునే అనుమానించాడు. డ్రిల్లు వేస్తే అక్క లేస్తుంది. తర్వాత చూద్దామని ఇద్దరం బయటికొచ్చి, గది ముందు మిగిలిపోయిన ఇటుకల మీద కూర్చున్నాం. డ్రిల్లు నా ఒళ్లో ఉంది. బావ పేపరు సగం చింపి నాకిచ్చాడు, ఆటల పేజీ ఉన్న సగం.

అక్క చాలాసేపు పడుకుంది. మేము కదల్లేదు.